బ్రాంచ్ ఇలా తయారవడం మేనేజర్ వల్లా, బ్యాంకు వల్లా?

తిరుపతి ఆఫీసర్:
తిరుపతిలో ఒక బ్యాంకులో అసిస్టెంట్ మేనేజర్‌ని, పేరు చెప్పలేను. రెండున్నరేళ్లలో ఇద్దరు మేనేజర్లను చూశాను. మొదటి సార్ పొద్దున్నే ఎవరికేం ఇబ్బంది ఉందో అడిగేవారు, తప్పు జరిగితే ముందు సరిచేద్దాం, తర్వాత మాట్లాడుకుందాం అనేవారు. ఇప్పుడున్న సార్‌కి సాయంత్రం పైవాళ్లు టార్గెట్ల లెక్క అడిగే రివ్యూ కాల్ తప్ప ఇంకేం పట్టదు, పంట లోన్ రెన్యువల్‌కి వచ్చిన రైతుకి కూడా జీవిత బీమా అంటగట్టమంటారు, కుదరలేదంటే అందరి ముందూ తిడతారు. స్టాఫ్ మారలేదు, సర్క్యులర్లూ అవే. ఇది మనిషి స్వభావమా, బ్యాంకు కల్చరా?

చిత్తూరు రిటైర్డ్:
తమ్ముడూ, పైవాళ్లు ఫోన్లో ఏం అడుగుతారో కింద మేనేజర్ అదే అవుతాడు. మా రీజినల్ ఆఫీసులో ఒకాయన ఎప్పుడూ ఏ ఊరికి వెళ్లావు, ఎవరి బాకీ ఎందుకు ఆగింది అని అడిగేవారు. ఆయన ఉన్నన్నాళ్లు మేం పల్లెలు తిరిగాం. ఆయన బదిలీ అయ్యాక వచ్చినవారు అంకెలే అడిగారు, మేమూ కుర్చీలకు అతుక్కుపోయాం. మనుషులం మాత్రం మేమే.

బెంగళూరులో తిరుపతివాడు:
అన్న చెప్పింది నిజం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి చూడండి, ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలని ఒత్తిడి పెడితే సిబ్బంది కస్టమర్లకు తెలియకుండానే వాళ్ల పేరు మీద ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, 5,300 మందిని తీసేశామంది బ్యాంకు, అక్టోబరులో సీఈఓ జాన్ స్టంఫ్ తప్పుకున్నారు. అన్ని వేలమంది చెడ్డవాళ్లు ఒకే బ్యాంకులో చేరారంటే నేను నమ్మను.

పలమనేరు మేనేజర్:
నేనూ బ్రాంచ్ మేనేజర్‌నే, రివ్యూలో రోజూ మాటలు పడతాను. కల్చర్ పైనుంచే వస్తుంది, కాదనను. కానీ ఆ మాటల్ని కౌంటర్ దాకా తీసుకురావాలా వద్దా అన్నది నా చేతిలోనే ఉంది, మీ మొదటి సార్ చేసింది అదే. ఆయనకూ ఇదే టార్గెట్ ఉండి ఉంటుంది. లోన్‌కి జీవిత బీమా తప్పనిసరి కాదని మా స్టాఫ్‌తో రైతుకి ముందే చెప్పిస్తాను, ఇష్టమైతేనే తీసుకుంటాడు. బలవంతంగా ఇచ్చిన పాలసీకి రెండో ఏడాది ప్రీమియం రాదు, ఆ రైతు కూడా మళ్లీ రాడు. ఇంకోటి, పాలసీ కాగితాలు అందిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు.

తిరుపతి ఆఫీసర్:
మేడమ్, ఆ 30 రోజుల సంగతి మా కౌంటర్లో ఎవరూ చెప్పడం లేదు. పోయిన వారం నా చేత్తోనే ఇద్దరు రైతులకు పాలసీ రాశాను. రేపు పొద్దున్నే ఇద్దరికీ ఫోన్ చేస్తాను.