3.3 వోల్టుల మీద ఎల్ఎం358 సరిపోతుందా, రైల్-టు-రైల్ తప్పదా?

షంట్‌వాలా: కరెంటు కొలవాలి. షంట్ (కరెంటును చిన్న వోల్టేజీగా మార్చే రెసిస్టరు) 0.1 ఓమ్, గ్రౌండ్ వైపున. కరెంటు 0 నుంచి 1 ఆంపియర్. సప్లై, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) రిఫరెన్సు రెండూ 3.3 వోల్టులే. గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలో) 25 అనుకుంటున్నాను. చేతిలో ఉన్న 358 ఆప్-యాంప్ (వోల్టేజీని పెంచే చిప్) సరిపోతుందా, లేక ఔట్‌పుట్ దాదాపు రెండు రైళ్ల దాకా, అంటే పైన సప్లై, కింద గ్రౌండ్ దాకా వెళ్లే రైల్-టు-రైల్ రకం కావాలా?

పాతచిప్: సరిపోతుందండీ, గెయిన్ 15కి తగ్గించండి. 358 ఔట్‌పుట్ సప్లైకి సుమారు 1.5 వోల్టులు కిందే, అంటే 1.8 దగ్గర ఆగిపోతుంది. గెయిన్ 15తో ఆంపియరుకు 1.5 వోల్టులు వస్తాయి, 12 బిట్ల ఏడీసీలో 1,860 మెట్లు. ఇన్‌పుట్ ఎలాగూ గ్రౌండ్ దాకా పనిచేస్తుంది.

రైలుపక్షం: సప్లై 3.0కి జారితే ఆ 1.8 కాస్తా 1.5 అవుతుంది. మీ ఫుల్ స్కేల్ సరిగ్గా అక్కడే ఉంది! రైల్-టు-రైల్ రకమైన ఎంసీపీ6002 అయితే 1.8 వోల్టుల సప్లై మీదే నడుస్తుంది, 10 కిలోఓమ్‌ల లోడుతో రైలుకు 25 మిల్లీవోల్టుల దాకా వెళ్తుంది.

సున్నాగోల: ఇద్దరూ పై రైలు గురించే వాదిస్తున్నారు, ఈ సర్క్యూట్‌లో కొంప ముంచేది కింది రైలు. 6002 ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ దగ్గర ఆప్-యాంప్ సొంతంగా చేర్చే తప్పు) 4.5 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. అది మైనస్ వైపు పడితే, ఈ షంట్‌తో మొదటి 45 మిల్లీఆంపియర్లు అసలు కనబడవు. 358కి 7 మిల్లీవోల్టులు, అంటే 70 మిల్లీఆంపియర్లు. సాఫ్ట్‌వేర్‌తో దిద్దుదామన్నా కుదరదు, ఔట్‌పుట్ అప్పటికే నేలకు అతుక్కుని ఉంటుంది.

షంట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కి 1 కిలోఓమ్, అదే పిన్ నుంచి 3.3కి 330 కిలోఓమ్‌లు పెట్టండి. ఇన్‌పుట్ 10 మిల్లీవోల్టులు పైకి లేస్తుంది, గెయిన్ 25తో సున్నా కరెంటుకు సుమారు 250 మిల్లీవోల్టులు వస్తాయి. లోడ్ ఆపి ఆ రీడింగు తీసుకుని మిగతా వాటిలోంచి తీసేస్తే ఆఫ్‌సెట్ కూడా దాంతోపాటే పోతుంది.

పాతచిప్: ఆ రెండు రెసిస్టర్లు 358కీ పెట్టొచ్చుగా?

సున్నాగోల: పెట్టొచ్చు. కానీ గెయిన్ 15తో, ఆఫ్‌సెట్ ప్లస్ వైపు పడితే ఫుల్ స్కేల్ 1.75 దాటుతుంది. 1.8కి మిగిలేది ఏపాటి?

రైలుపక్షం: మరో మాట. గెయిన్ రెసిస్టరు గ్రౌండ్ కాలును షంట్ గ్రౌండ్ ప్యాడ్ దగ్గరికే విడి ట్రాక్‌తో తీసుకెళ్లండి. మధ్యలో 10 మిల్లీఓమ్‌ల రాగి చేరినా 10 శాతం తప్పు.

షంట్‌వాలా: 6002కే మారుతున్నాను. ఏడీసీ పిన్ దగ్గర 100 నానోఫారడ్‌లు పెట్టొచ్చా?

సున్నాగోల: నేరుగా పెడితే ఆప్-యాంప్ ఆసిలేట్ అవుతుంది, అంటే ఔట్‌పుట్ తనంతట తానే ఊగుతుంది. మధ్యలో 1 కిలోఓమ్ వేయండి, కటాఫ్ (అంతకన్నా వేగమైన మార్పులు తగ్గిపోయే హద్దు) 1.6 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. చిప్‌లో మిగిలిన రెండో ఆప్-యాంప్‌ను గాల్లో వదలకండి, ఫాలోవర్‌గా (ఔట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కి కలిపి) కట్టి ప్లస్ ఇన్‌పుట్‌ను సగం సప్లైకి ఇవ్వండి.