నాలుగు నెలల ల్యాబ్రడార్ కుక్కపిల్ల అందరి మీదకీ దూకేస్తోంది, ఎలా మాన్పించాలి?

కాకినాడ అమ్మాయి:
మా ల్యాబ్ పిల్లకి నాలుగు నెలలు దాటాయి, మొన్న తూకం వేస్తే 16 కిలోలుంది. గేటు చప్పుడైతే చాలు, పరుగెత్తుకెళ్ళి వచ్చినవాళ్ళ మీద ముందు కాళ్ళు రెండూ వేసేస్తుంది. నిన్న అమ్మమ్మ తులసికి నీళ్ళు పోసి వస్తుంటే మీద పడింది. చేతిలో చెంబు జారిపోయింది, గోడ పట్టుకోబట్టి ఆవిడ పడలేదు గానీ మోచెయ్యి గీరుకుంది. దానికితోడు చీర కుచ్చిళ్ళు నోట కరిచి లాగుతుంది. నాన్న రోజంతా కట్టేయమంటున్నారు, ఎదురింటాయన మోకాలితో ఒక్కటిస్తే మళ్ళీ దూకదంటున్నారు. నాకు కొట్టడం ఇష్టం లేదు, అలాగని అమ్మమ్మ పడిపోతే? చాలా టెన్షన్‌గా ఉంది.

రెండు ల్యాబ్‌ల ఇల్లు:
దయచేసి మోకాలితో కొట్టకండి, మనుషులంటే భయం పట్టుకుంటుంది. అది దూకేది మన మొహం దగ్గరికి రావాలని, మనం పలకరించాలని. అరిచినా, చేత్తో తోసినా దానికి ఆటే. దూకగానే చేతులు కట్టుకుని అటు తిరిగిపోండి, మాట వద్దు. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనిన క్షణంలోనే ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ ముక్క దాని గడ్డం కిందుగా పెట్టండి, పైకెత్తి చూపిస్తే మళ్ళీ లేస్తుంది. ఒకసారికి ఐదు నిమిషాలు చాలు. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి, మాకు రెండు వారాల్లో దారికొచ్చింది, ఇంతలో మా బావగారొచ్చి "పర్లేదు, రానీ" అని ఎత్తుకునేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.
కానీ ఇదేదీ అమ్మమ్మగారి మీద ప్రయోగం చేయొద్దు. ఆవిడ పెరట్లో తిరిగే ఆ పది నిమిషాలు దాన్ని కట్టిన బెల్టు మీ చేతిలో ఉండాలి. పెద్దయితే 30 కిలోల దాకా వస్తుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.

శేరిలింగంపల్లి నుంచి:
చీర సంగతి పళ్ళ దురద. 28 పాలపళ్ళూ ఊడి 42 గట్టి పళ్ళు వచ్చే వయసిది, ఆరేడు నెలలకి తగ్గుతుంది. పాత తువ్వాలు తడిపి, మెలిపెట్టి, డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇవ్వండి, మీరు దగ్గరుండే కొరకనివ్వండి. కుచ్చిళ్ళు పట్టుకుంటే వెనక్కి లాగొద్దు, లాగితే అదీ లాగుతుంది. కదలకుండా నిలబడి ఆ తువ్వాలు అందించండి. ఈ వయసు పిల్లలు రోజుకి 18 గంటలు పడుకోవాలి, నిద్ర చాలకపోతే సాయంత్రానికి మరీ ఎక్కువ చేస్తాయి.
ఇంకోటి, అమ్మమ్మగారికి గీరుకుంది గోడా, దాని గోరా? గోరైతే సబ్బు పెట్టి పావుగంట ధారగా కడిగి డాక్టరుకి చూపించండి, కుక్కకి రేబిస్ టీకా వేయించినా సరే.

కాకినాడ అమ్మాయి:
గోడే అండీ, మళ్ళీ దగ్గరగా చూశాను. టీకా మూడో నెలలో వేయించాం. పొద్దున్న పాలబ్బాయి వచ్చినప్పుడు బెల్టు పట్టుకుని మీరు చెప్పినట్టే చేశాను, ఆరుసార్లు దూకి ఏడోసారి కింద నిలబడింది, వెంటనే ముక్క పెట్టాను. నాన్న గుమ్మంలోంచి చూస్తున్నారు, సాయంత్రం ఆయన చేత చేయిస్తా.