కలంకారీ అమ్మడానికి నెలకి పదివేలు యాడ్స్‌కి పెట్టొచ్చా?

కలం_కాళహస్తి: శ్రీకాళహస్తిలో మాది చేత్తో గీసే కలంకారీ. నేను, మా ఆయన, మా అత్త కలిసి చేస్తాం. ఇన్నాళ్లూ తిరుపతి షాపులకి వేసేవాళ్లం, ఇప్పుడు ఇన్‌స్టాలో నేరుగా అమ్ముదామని మొదలుపెట్టాం. ఒక ఏజెన్సీ వాళ్లు నెలకి 15,000 ప్యాకేజీ అంటున్నారు. నేను పదివేలకి మించి పెట్టలేను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అలిపిరి_రోడ్: ఆ 15,000లో యాడ్‌కి ఎంత, వాళ్ల ఫీజు ఎంత అని ముందు అడగండి అక్కా. నేను అడగలేదు. మూడు నెలలు కట్టాక తెలిసింది, అదంతా పోస్టర్లకేనట, యాడ్ డబ్బు వేరేనట. సంక్రాంతి శుభాకాంక్షలు చూసి ఎవరు కొంటారు?

బేనిషా_చిత్తూరు: పదివేలంటే పదివేలూ యాడ్‌కి పోవు. 18 శాతం జీఎస్టీ పోను సుమారు 8,475 మిగులుతుంది. రెగ్యులర్ జీఎస్టీ ఉంటే యాడ్ అకౌంట్లో ఆ నంబరు ఇవ్వండి, ఐటీసీ వస్తుంది, అంటే యాడ్ మీద కట్టిన ఆ పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. కంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకి రాదు. ఇంకోటి, ఎండ్ డేట్ పెట్టడం మరవొద్దు. నేను మామిడిపండ్లకి మే, జూన్‌లోనే యాడ్ వేస్తా. పోయినేడు కాయ అయిపోయాక కూడా నాలుగు రోజులు నడిచింది. "లేవు సార్" అని చెప్పడానికి డబ్బు కట్టినట్టయింది.

తిరుచానూరు_బొటిక్: నేను ఊరు తిరుపతి అని పెట్టి పోస్టుకి బూస్ట్ (డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించడం) కొట్టా. మెసేజ్‌లకేం, కుప్పలుగా వచ్చాయి. "రూము ఎంత?" "దర్శనం టికెట్లు ఉన్నాయా?" యాడ్ ఇక్కడ ఉండేవాళ్లతో పాటు వచ్చిపోయే యాత్రికులకీ వెళ్తుంది మరి. మీరు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ పెట్టుకోండి. ఇంటి దగ్గరే అమ్మితే గూగుల్ మ్యాప్స్‌లో పేరు ఎక్కించండి, దానికి పైసా అక్కర్లేదు.

అలిపిరి_రోడ్: అక్కా, ఒక దుపట్టా మీద ఎంత మిగులుతుంది?

కలం_కాళహస్తి: గుడ్డ, రంగులు, మా కూలి, కొరియర్ అన్నీ పోను 500.

అలిపిరి_రోడ్: అయితే పదివేలు తిరిగి రావడానికే 20 దుపట్టాలు పోవాలి. లాభం ఆ తర్వాతే. నెలకి ఎన్ని గీస్తారు?

కలం_కాళహస్తి: చీర పని లేని నెలలో 12. కరక్కాయ పాలలో తడిపి ఆరబెట్టడం, ఒక్కో రంగుకీ ఉతకడం, వానొస్తే అదీ లేదు. అంటే అన్నీ అమ్మినా నష్టమేనా!

బేనిషా_చిత్తూరు: అదే కదా. 12 దుపట్టాల మీద వచ్చేది 6,000. అందులో 1,500 యాడ్‌కి పెట్టి చూడండి, పన్నుతో కలిపే. ఎన్ని మెసేజ్‌లు వచ్చాయి, ఎన్ని ఆర్డర్లయ్యాయి అని పుస్తకంలో రాసుకోండి. లైకులు లెక్కలోకి రావు.

తిరుచానూరు_బొటిక్: పోస్టర్లు వద్దు. అత్తగారు కలం పట్టి గీస్తుంటే ఫోన్‌లో తీసి పెట్టండి. మచిలీపట్నం అచ్చు పనికీ మీ పనికీ తేడా తెలియక ధర ఎక్కువంటారు జనం. వీడియో చూస్తే ఆ మాట తగ్గుతుంది.

కలం_కాళహస్తి: ఏజెన్సీకి వద్దని చెప్పేశా. వీడియోకి అత్త ఒప్పుకున్నారు, మొహం మాత్రం చూపించొద్దంటున్నారు. చేతులు చాలా?

తిరుచానూరు_బొటిక్: చేతులే కావాలి.