పడ్డల్ని ఇప్పుడే అమ్మేయాలా, వానల దాకా ఆగాలా?

అన్నలూ, మాది ఉదయగిరి వైపు పల్లె. రెండు ముర్రా జాతి పడ్డలు (ఇంకా ఈనని బర్రెలు) ఉన్నాయి, పెద్దదానికి రెండేళ్లు దాటినా ఇంకా ఎదకు రాలేదు. ఈ కరువులో మేత కొనలేక మా ఊళ్లో చాలామంది బర్రెల్ని తెగనమ్ముకున్నారు. సంత నిండా పశువులే, బేరగాడేమో పడ్డ వీపు ఒత్తి చూసి నోటికొచ్చిన రేటు చెప్పి పోతున్నాడు. నా లెక్కేంటంటే, ఇన్ని బర్రెలు పోతే పుట్టే దూడలు తగ్గుతాయి, కట్టించినా ఈనడానికి 10 నెలలు, ఆ పుట్టిన పడ్డ మళ్లీ ఈనాలంటే 3, 4 ఏళ్లు, కాబట్టి వానలు పడి పచ్చిమేత వచ్చాక అందరూ కొనడానికే ఎగబడతారు, రేటు లేస్తుంది. అప్పటిదాకా వరిగడ్డి ఖర్చు తట్టుకోవాలి, అదే టెన్షన్. కరువులో పశువుల్ని నిలుపుకున్నవాళ్లు చెప్పండి, రేటు లేవడానికి ఎన్నాళ్లు పట్టింది? చిన్నదాన్ని అమ్మి పెద్దదాన్ని చూడి కట్టేదాకా మేపితే నయమా? చిన్నది మా అమ్మ చేత్తో పెడితేనే తింటుంది, ఆమెకు ఇంకా ఈ మాట చెప్పలేదు.