తిక్కన పద్యంలో 'ఇచ్చ మెచ్చు': ఎవరి ఇచ్చ?

ప్రశ్న: సార్, పద్యాల పోటీ కోసం మా పాపకి తిక్కన విరాటపర్వం మొదటి పద్యం నేర్పిస్తున్నాను. నాలుగో పాదంలో 'ధ్యాయిత కిచ్చ మెచ్చు' దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఇచ్చ ఎవరిది? మెచ్చేదెవరు?

జవాబు: ముందు పద్యం చూద్దామమ్మా.

శ్రీయన గౌరినాఁ బరఁగు చెల్వకుఁ జిత్తము పల్లవింప భ
ద్రాయితమూర్తియై హరిహరంబగు రూపముఁ దాల్చి విష్ణురూ
పాయ నమశ్శివాయ యని పల్కెడు భక్తజనంబు వైదిక
ధ్యాయిత కిచ్చ మెచ్చు పరతత్త్వముఁ గొల్చెద నిష్టసిద్ధికిన్

ధ్యాయితకు, ఇచ్చ, మెచ్చు అని విడగొట్టండి. ధ్యాయిత అంటే ధ్యానించే గుణం. ఇచ్చ ఇక్కడ మనసు. మెచ్చేది పరతత్త్వమే, అంటే హరిహరుడిగా రూపం దాల్చిన ఆ పరమాత్మే. 'విష్ణురూపాయ నమశ్శివాయ' అనే భక్తుల ధ్యాననిష్ఠకు మనసారా మెచ్చుకునే ఆ పరతత్త్వాన్ని కొలుస్తున్నానంటున్నాడు.

ఈ పద్యం అనగానే అందరూ హరిహర రూపం గురించే మాట్లాడతారు. 13వ శతాబ్దపు శైవ వైష్ణవ కలహాల మధ్య ఆ మాట ఎంత అవసరమో కాదనలేం. మా నెల్లూరులో పొద్దున్నే పెన్న గట్టున రంగనాథుణ్ణి చూసుకుని, అటునుంచటే మూలాపేట మూలస్థానేశ్వరుడి గుడికి పోయేవాళ్లకి దాన్ని వేరే విప్పి చెప్పక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది మాత్రం మనసు సంగతి. మొదటి పాదంలో అమ్మవారి చిత్తం చిగురిస్తోంది. చివరి పాదంలో స్వామి ఇచ్చ మెచ్చుతోంది. నడుమ మనుషుల పలుకు, ధ్యానం. మనసుకు అందనిదని వేదాంతం చెప్పే పరతత్త్వానికి తిక్కన మనసిచ్చాడు. పైగా అది మన తలపును మెచ్చే మనసు. ద్రౌపది లోపల రగిలేది చిన్న కదలికతో చూపించగల కవి, దేవుణ్ణి కూడా అలాగే చూశాడు.

ఇంకొకరు: బాగుంది గానీ అన్నా, 'ఇచ్చ' గణాలు నింపడానికి వేసింది కాదంటారా? 'మెచ్చు' అంటే చాలదా?

జవాబు: ఆ అనుమానం రావడం సబబే. కానీ ఆ పాదంలో యతి 'ధ్యా'కీ 'తత్త్వము'లోని 'త'కీ కుదిరింది. ప్రాస రెండో అక్షరం 'య'. ఇచ్చకు రెండింటితోనూ పనిలేదు. తిక్కన లాంటివాడు గణాలు నింపాలనుకుంటే ఆ రెండక్షరాల చోట ఏ మాటైనా పెట్టగలడు.

ఇంకో ఆధారం కూడా విరాటపర్వం అవతారికలోనే, అంటే కథకు ముందు కవి చెప్పుకునే పీఠికలోనే ఉంది. తిక్కనకు తండ్రి కొమ్మన కలలో కనిపించే ఘట్టంలో తిక్కన చెప్పిన ఈ శ్లోకం వస్తుంది:

కిమస్థిమాలాం కిము కౌస్తుభం వా
పరిష్క్రియాయాం బహుమన్యసే త్వమ్
కిం కాలకూటః కిము వా యశోదా
స్తన్యం తవ స్వాదు వద ప్రభో మే

అలంకారంగా నీకు ఎముకల దండ ఇష్టమా, కౌస్తుభమా? కాలకూటం రుచా, యశోద చనుబాలా? చెప్పు ప్రభూ! స్వామి ఇష్టాన్ని స్వామినే అడగడం ఇది. ఎంత చనువు లేకపోతే అలా అడుగుతాడు! శ్లోకంలో జవాబు లేదు. విషమూ పాలూ రెండూ తాగినవాడి మనసులో ఏముందో ఊహించి చెప్పే సాహసం తిక్కన చేయలేదు. ఆ మనసు దేనికి కరుగుతుందో మాత్రం పద్యంలో చెప్పాడు. అందుకే 'ఇచ్చ' తీసేస్తే పద్యానికీ శ్లోకానికీ ఉన్న చుట్టరికం తెగిపోతుందంటాను.

ఇక పాపకి నేర్పేటప్పుడు 'వైదిక' దగ్గర పాదం అయిపోయిందని ఊపిరి తీసుకోనివ్వకండమ్మా. 'వైదికధ్యాయితకు' అని కలిపి చదివి, అక్కడ చిటికెడు ఆగి, 'ఇచ్చ మెచ్చు పరతత్త్వము' ఒక్క పట్టున అనమనండి.