మయస్తీనియా (కండరాలు తొందరగా అలిసిపోయే జబ్బు) ఉన్న మనిషికి జలుబు చేసింది. ఆక్సిమీటర్ 97 చూపిస్తోంది, ఆయాసం మాత్రం తగ్గట్లేదు. ఎప్పుడు బయల్దేరాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా వదినకి 46 ఏళ్ళు, 52 కిలోలు. మయస్తీనియా గ్రావిస్. కండరాల బలానికి పైరిడోస్టిగ్మిన్ 60 మి.గ్రా. రోజుకి నాలుగు, ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. ఒకటి వాడుతున్నారు. నాలుగు రోజులుగా జలుబు, దగ్గు. నిన్న సాయంత్రం నుంచి మాట ముక్కులోంచి వస్తోంది, నీళ్ళు తాగితే పొలమారుతోంది. రాత్రి మూడు దిండ్లు ఆన్చుకుని కూర్చునే కునికారు. ఆక్సిమీటర్‌లో 97, నాడి 104. దగ్గర్లో చూపిస్తే 97 ఉంది, భయం లేదన్నారు. అజిత్రోమైసిన్ రాశారు, ఇంకా వెయ్యలేదు. పైరిడోస్టిగ్మిన్ ఒక మాత్ర ఎక్కువేస్తే సర్దుకుంటుందా? వెళ్ళాల్సి వస్తే శ్రీకాకుళమా, బరంపురమా?

వంశధార గట్టు:
ఇవాళే వెళ్ళాలండి, చీకటి పడకముందే. అజిత్రోమైసిన్ వెయ్యకండి. మాత్ర కూడా మీ అంతట మీరు పెంచకండి, కారణం కింద రాస్తాను.

ముందు ఆ 97 సంగతి. కొలిమి తిత్తికి చిల్లు లేదు, దాన్ని లాగే చెయ్యి అలిసిపోయింది. మీ వదిన గారి పరిస్థితి అదీ. ఊపిరితిత్తులు బాగున్నంతసేపు, కొద్దిపాటి గాలి లోపలికి వెళ్ళినా రక్తానికి ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం పేరుకుపోతుంది, దాన్ని ఆక్సిమీటర్ చూపించదు. కండరాలు నీరసపడే ఈ జబ్బుల్లో ఆ అంకె పడిపోయేది చిట్టచివర. న్యుమోనియా వస్తే అంకె ముందే పడుతుంది, కోవిడ్‌లో అందరం చూశాం. ఆ అలవాటే ఇక్కడ మోసం చేస్తుంది.

ఇప్పుడే మూడు చూడండి. ఒకటి లెక్క. వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి, నిండా గాలి పీల్చుకోమని, మళ్ళీ పీల్చకుండా ఒకే ఊపిరిలో పైకి లెక్కపెట్టమనండి, సెకనుకి రెండు అంకెల చొప్పున. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 40, 50 దాకా వెళ్తారు. 20 దాటకపోతే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. 15 కూడా దాటకపోతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. చిన్న చిక్కేంటంటే తెలుగులో ‘ఇరవై ఏడు’, ‘ముప్పై నాలుగు’ అనేసరికి మాట పొడుగైపోతుంది. అందుకే పక్కన గడియారం పెట్టుకుని సెకన్లు కూడా రాయండి. 20 అంకెలంటే 10 సెకన్లు. ఏ భాషలో మొదలెట్టారో ప్రతిసారీ అదే భాషలో లెక్కపెట్టించండి.

రెండు, పొట్ట. వెనక్కి ఆనించి బొడ్డు పైన చెయ్యి వేసి చూడండి. ఊపిరి తీసుకున్నప్పుడు పొట్ట పైకి లేవాలి. ఛాతీ లేస్తుంటే పొట్ట లోపలికి పోతోందంటే ఉదరవితానం, అదే డయాఫ్రమ్, పని మానేస్తోందన్నమాట. బొత్తిగా వెల్లకిలా పడుకోబెట్టి పరీక్షించొద్దు, ఊపిరాడదు. మూడు, మెడ. దిండు మీంచి తల ఎత్తి ఐదు సెకన్లు నిలపమనండి. మెడ కండరాలూ డయాఫ్రమూ చాలాసార్లు జతగానే నీరసపడతాయి. ఊపిరి తీసుకునేటప్పుడు మెడకి రెండు పక్కలా తాళ్ళలా కండరాలు బిగుసుకుంటున్నాయేమో కూడా చూడండి.

ఈ మూడూ బాగున్నా సరే, పొలమారడం, కూర్చుని నిద్రపోవడం ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ప్రయాణం తప్పదు.

ఇక మాత్ర సంగతి. పైరిడోస్టిగ్మిన్ మోతాదు మించితే నోట్లో లాలాజలం, ఛాతీలో కఫం పెరుగుతాయి, చెమటలు పడతాయి, విరేచనాలవుతాయి, కండరాలు అదురుతాయి, కంటిపాపలు చిన్నవవుతాయి. అసలే మింగలేని మనిషికి నోట్లో నీరూరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా మందు ఎక్కువై వచ్చే నీరసం కూడా జబ్బు ముదిరిన నీరసంలాగే ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్, అది మాత్రం మానకండి. మింగలేకపోతే ఆస్పత్రిలో ఇంజెక్షన్‌గా ఇస్తారు.

మహేంద్రతనయ:
రెండుసార్లు లెక్కపెట్టించాం. 18, 16. తల రెండు సెకన్లే నిలిపారు. దగ్గు బలంగా రావట్లేదు, చొంగ తుడుచుకుంటున్నారు.

వంశధార గట్టు:
108కి చెయ్యండి. సరిహద్దులో మీ ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ రాష్ట్రం వాళ్ళు ఎత్తే వీలుంది. కాబట్టి మొదటి మాటే ‘ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి’ అనండి. ఒడియాలో ‘శ్వాస నేబాకు కష్ట హెఉచి’ (ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది) అంటే చాలు. వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ అడగండి. అది దూరంలో ఉందంటే దాని కోసం కూర్చోవద్దు.

శ్రీకాకుళమా బరంపురమా అన్నది రెండో ప్రశ్న. 16కి దిగి, దగ్గు బలహీనపడి, చొంగ కారుతున్న మనిషిని నేరుగా అంత దూరం తీసుకెళ్ళకూడదు. దారిలో ఊపిరి ఆగితే శ్వాసనాళంలోకి గొట్టం వేసేవాళ్ళుండరు. మొదట మీ జిల్లా ఆస్పత్రి. అక్కడ శ్వాస నిలబెట్టాక డాక్టరు తోడుగా పెద్దాస్పత్రికి. అక్కణ్ణుంచి బరంపురంలో మన పర్లాకిమిడి రాజావారి పేరున్న ఎంకేసీజీ మెడికల్ కాలేజీ గానీ, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, ఆ పైన విశాఖ కేజీహెచ్ గానీ. ఫోన్ చేసి అడగాల్సింది ఒక్కటే: ఐసీయూలో వెంటిలేటర్ పడక ఖాళీ ఉందా? ఉన్నచోటికే వెళ్ళండి. ఆయుష్మాన్ కార్డు దొరక్కపోతే వెతుకుతూ ఆగొద్దు.

బండిలో కూర్చోబెట్టే తీసుకెళ్ళండి, కనీసం 45 డిగ్రీలు. చొంగ కారుతుంటే ఒక పక్కకి ఒరిగించండి. నోట్లో నీళ్ళు, కాఫీ, గంజి ఏమీ పొయ్యొద్దు.

తిత్తిలెక్క (ఐసీయూ):
అక్కడికి చేరాక ఏం అడగాలో రాస్తున్నాను, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆక్సిజన్ మాస్క్ ఒక్కటే పెట్టి వదిలేస్తే ఆక్సిమీటర్ అంకె అందంగా 99కి వెళ్తుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది. మనిషి మత్తుగా జోగుతుంటే నిద్రపట్టిందని సంతోషించకండి. ధమని రక్తం తీసి ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష) చెయ్యమనండి. ఆయాసపడుతూ గబగబా ఊపిరి తీసే మనిషిలో కార్బన్ డయాక్సైడ్ 40 కంటే తక్కువుండాలి. అలాంటప్పుడు 40 వచ్చి ‘నార్మల్’ అని రిపోర్టులో పడితే, అది అలిసిపోతున్న గుర్తు. 45 దాటితే ఇంకా చెడ్డది.

ఊపిరి కొలిచే పరికరం ఉంటే 20-30-40 అన్న కొలత వాడతారు. వైటల్ కెపాసిటీ, అంటే నిండా పీల్చి పూర్తిగా వదిలే గాలి, కిలోకి 20 మి.లీ. లోపు, అంటే మీ వదిన గారికి 1,040 మి.లీ. లోపు. పీల్చే బలం 30, ఊదే బలం 40 సెంటీమీటర్ల నీటి పీడనం లోపు. ఇలా ఉంటే ప్రమాదమని లెక్క. పెదాలు బిగించలేకపోతే గాలి కారిపోయి అంకె తప్పుగా తగ్గుతుంది, అందుకే మీరు రాసిన 18, 16 కూడా చూపించండి. ఎన్ని గంటలకి ఎంతో రాస్తే ఇంకా మంచిది.

బైపాప్ (మాస్కుతో గాలి తోసే యంత్రం) చాలామందికి గొట్టం తప్పిస్తుంది. కానీ చొంగ మింగలేని, కఫం దగ్గలేని మనిషికి ఆ గాలి చొంగని లోపలికి తోస్తుంది. అప్పుడు ముందుగానే గొట్టం వెయ్యడమే మేలు. ‘వెంటిలేటర్ ఎక్కిస్తే ఇక దిగరు’ అని చుట్టాలు అడ్డుపడతారు, వినకండి. ఇది తాత్కాలికం. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) రోజుకి కిలోకి 0.4 గ్రాములు, ఐదు రోజులు. ఈ బరువుకి రోజుకి సుమారు 20 గ్రాములు, 5 గ్రాముల సీసాలు నాలుగు. లేదా ప్లాస్మా మార్పిడి. రెండూ రోజుల మీద పనిచేస్తాయి, అప్పటిదాకా ఊపిరి మోసేది యంత్రమే.

మయస్తీనియాలో ప్రమాదమైన మందులు పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసివ్వండి: జెంటామైసిన్, అమికాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, నరంలోకి మెగ్నీషియం, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు. నిద్రమందులు కూడా. ఇన్ఫెక్షన్‌కి మందు అక్కర్లేదని కాదు, సాధారణంగా పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతివి ఇస్తారు. ఒక్కోసారి వేరే దారి లేక జాబితాలోవీ వాడాల్సి వస్తుంది, అది డాక్టరు తెలిసి చేసే పని.

నాగావళి (రాయగడ):
కండరాలు క్షీణించే డుషేన్, ఏఎల్ఎస్ జబ్బులున్నవాళ్ళు ఇది చదివి లెక్క 20 లోపుకి వచ్చేదాకా ఆగుతారేమోనని రాస్తున్నాను. వాటిలో ఊపిరి నీరసం నెలల తరబడి మెల్లిగా వస్తుంది. పొద్దున్నే తలనొప్పి, పగలు కునుకుపాట్లు, రాత్రి పదేపదే మెలకువ, పడుకుంటే ఊపిరందకపోవడం. ఈ దశలోనే రాత్రిపూట బైపాప్ గురించి అడగాలి, ఎమర్జెన్సీ దాకా తెచ్చుకోకూడదు. దగ్గు బలాన్ని ఆస్తమా వాళ్ళ పీక్ ఫ్లో మీటర్‌లో దగ్గించి కొలవచ్చు. నిమిషానికి 270 లీటర్ల లోపైతే పొట్ట నొక్కి దగ్గించడం ఇంట్లోవాళ్ళు నేర్చుకోవాలి. 160 లోపైతే మామూలు జలుబుకే కఫం అడ్డుపడుతుంది. జలుబులో ఆక్సిమీటర్ 95 కిందికి దిగితే కఫం పేరుకుందనుకుని తీయించాలి. తీశాక కూడా ఎక్కకపోతే ఆస్పత్రి.

డుషేన్ పిల్లలకి గొట్టం వేసేటప్పుడు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ వాడకూడదని చీటీలో తప్పక ఉండాలి. దానితో రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు.

ఇంట్లో బైపాప్ ఉన్నవాళ్ళు ఆస్పత్రికి యంత్రంతో పాటు మీ మాస్కు, గొట్టం, చార్జరు కూడా పట్టుకెళ్ళండి. అక్కడున్న మాస్కు ముఖానికి సరిపోక గాలి కళ్ళలోకి కొడుతుంది. మన్యంలో గాలివానకి కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇన్వర్టర్ మీద యంత్రం ఎన్ని గంటలు నడుస్తుందో పగటిపూటే ఒకసారి నడిపి చూసుకోండి. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది.