ఔటర్ మీద ఓవర్‌స్పీడ్ చలాన్: కట్టేయాలా, అభ్యంతరం చెప్పాలా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

అందరికీ నమస్కారం. నా కారు మీద ఓవర్‌స్పీడ్ చలాన్ పడింది. వెయ్యి రూపాయలు, పైన యూజర్ చార్జీలు 35. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ వైపు వెళ్తుంటే పడింది. చలాన్‌లో పరిమితి 80, నా వేగం 97 అని ఉంది. కానీ నేను లారీలు వెళ్లే ఎడమ లేన్లలో లేను, డివైడర్ నుంచి రెండో లేన్‌లో ఉన్నాను. అక్కడ 120 కదా? ఇంట్లో వాళ్లేమో "వెయ్యి రూపాయలకు ఎందుకీ తలనొప్పి, కట్టేసెయ్" అంటున్నారు. ఆఫీసులో వాళ్లు డిస్కౌంట్ ఇచ్చేదాకా ఆగమంటున్నారు. చేయని తప్పుకు కట్టాలంటే నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు (లాయర్, కూకట్‌పల్లి)

ఇంకా కట్టలేదు కదా? కట్టకండి. చలాన్ కట్టారంటే మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద తప్పు ఒప్పుకుని రాజీ చేసుకున్నట్టు. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా వినే చోటు దాదాపు ఉండదు. అభ్యంతరం ఏదైనా కట్టకముందే చెప్పాలి.

ఇక ఫోటో చూడండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెసేజ్ చూసి వస్తారు, ఫోటో తెరిచి ఉండరు. ఆర్సీ దగ్గర పెట్టుకుని తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైట్‌లోకి వెళ్తే చలాన్ పక్కనే ఫోటో ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూడండి. నంబరు ప్లేటు మీదేనా, బండి మోడల్, రంగు మీవేనా? వేగం కొలిచే స్పీడ్ గన్ గురిపెట్టిన గుర్తు మీ బండి మీదే ఉందా, పక్క బండి మీద ఉందా? తేదీ, సమయం, చోటు సరిపోతున్నాయా?

మీ కేసులో అసలు సంగతి లేన్ దగ్గరే ఉంది. ఔటర్‌పై డివైడర్ వైపు ఉన్న ఒకటి, రెండు లేన్లకు పరిమితి 120. 2023లో వంద నుంచి పెంచారు. మూడు, నాలుగు లేన్లకు 80. ఫోటోలో డివైడర్, లేన్ గీతలు కనిపిస్తే మీరు ఏ లేన్‌లో ఉన్నారో లెక్కపెట్టి చెప్పొచ్చు. గీతలు స్పష్టంగా ఉంటే అంతకు మించిన సాక్ష్యం వెతకక్కర్లేదు.

స్పందన (సైనిక్‌పురి)

లాయర్ గారు చెప్పినట్టు ఫోటో చూడటం చాలా ముఖ్యమండీ. మా స్కూటీ మీద ఒకసారి ఔటర్‌లో ఓవర్‌స్పీడ్ అని చలాన్ వచ్చింది. ఔటర్ మీదికి టూవీలర్లను అసలు రానివ్వరు కదా! ఫోటో తెరిస్తే అందులో ఉన్నది తెల్ల కారు. దాని ప్లేటు మీద 3 అంకెకు ఎడమవైపు మట్టి అంటుకుని 8 లాగా కనిపిస్తోంది. ఆర్సీ కాపీ, స్కూటీ ఫోటో, చలాన్ ఫోటో మూడూ జతచేసి రాస్తే తీసేశారు. పెద్ద కథ రాయలేదు, నాలుగు వాక్యాలు అంతే.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అండీ, ఫోటో ఇవాళే చూస్తాను. ఇంకో డౌటు. నా మీటరు 90 దాటలేదని నాకు బాగా గుర్తుంది. గన్ 97 ఎలా చూపించింది? పక్క నుంచి పట్టుకోవడం వల్ల ఎక్కువ చూపిస్తుందా? టోల్ దగ్గర ఫాస్టాగ్ టైములు కూడా ఉన్నాయి. అవి పనికొస్తాయా?

జవాబు (లాయర్, కూకట్‌పల్లి)

లేజర్ గన్ కంటికి కనిపించని కాంతి మెరుపులను బండి మీదికి పంపి, అవి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. ఆ దూరం ఎంత త్వరగా మారుతోందో అదే మీ వేగం. పక్కకు నిలబడి కోణంలో పట్టుకుంటే అసలు వేగం కన్నా తక్కువే చూపిస్తుంది గానీ ఎక్కువ చూపించదు. కాబట్టి ఆ వాదన ఎత్తకండి, నష్టం మీకే. గట్టి అనుమానం రావాల్సింది ఎక్కడంటే, దూరం పెరిగేకొద్దీ కిరణం వెడల్పవుతుంది. రెండు బండ్లు పక్కపక్కన ఉన్నప్పుడు ఏ బండిని కొలిచిందో ఫోటోలోని గురి గుర్తే చెప్పాలి.

మీటరు గుర్తుంది అంటే ఎవరూ వినరు. డ్యాష్‌క్యామ్‌లో జీపీఎస్ వేగం నమోదై ఉంటే అది వేరు, ఆ వీడియో చెరిగిపోకముందే కాపీ తీసి పెట్టుకోండి. ఫాస్టాగ్ విషయంలో జాగ్రత్త. ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకా సగటు వేగం తక్కువని చూపినా, ఆ ఒక్క క్షణంలో వేగంగా వెళ్లలేదని దానివల్ల తేలదు. సగటే ఎక్కువ వస్తే మీ చేత్తో మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. లెక్క వేసుకున్నాకే జతచేయండి.

స్పందన (క్యాబ్ డ్రైవర్, ఎల్బీనగర్)

అన్నా, ఫాస్టాగ్ ఇంకో రకంగా బాగా పనికొస్తది. మన నంబరు వేసుకుని వేరే బండి తిరుగుతుంటే, చలాన్ టైముకు మన బండి విజయవాడ రోడ్డులో పంతంగి టోల్ దాటుతోందని స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే ఇక మాట్లాడేది ఏముంది? అట్లాంటప్పుడు చలాన్ తీసేయించుకుని ఊరుకోవద్దు, నకిలీ ప్లేటు మీద పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కూడా ఇవ్వాలి.

ఇంకోటి, అందరూ గుర్తుపెట్టుకోండి. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే ముట్టుకోవద్దు. ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లో ఓటీపీలు వాళ్ల చేతికి పోయి ఖాతా ఖాళీ అయితది.

జవాబు (లాయర్, కూకట్‌పల్లి)

మంచి మాట చెప్పారు. ఇక రూల్స్ సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో 167ఏ అని ఒకటి చేర్చారు. దాని ప్రకారం కెమెరాకు, స్పీడ్ గన్‌కు ప్రభుత్వం నిర్ణయించిన అధికారి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యూ చేయాలి. నిఘా ఉన్న చోటుకు ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. నేరం జరిగిన పదిహేను రోజుల్లో నోటీసు రావాలి. చలాన్‌లో స్పష్టమైన ఫోటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, సెక్షన్ ఉండాలి. దానితోపాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా. పాత సాక్ష్య చట్టంలో అది 65బి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 63వ సెక్షన్.

గన్ ధ్రువపత్రం కావాలంటే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంటుంది. అయితే నోటీసు ఒక రోజు లేటైందనో బోర్డు కనపడలేదనో ఒక్క ముక్క పట్టుకుని కేసు మొత్తం నిలబెట్టకండి. మీకు లేన్ అనే గట్టి ఆధారం ఉంటే అదే మొదట రాయండి, మిగతావి దాని వెనక రావాలి.

డిస్కౌంట్ మాటకొస్తే, 2022 మార్చిలోనూ 2023 డిసెంబరు చివర్లోనూ ఇచ్చారు. రెండోసారి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. అది ప్రభుత్వం ఇష్టం, మన హక్కు కాదు. దానికోసం చూస్తూ అభ్యంతరం గడువు దాటబెట్టుకోవద్దు. లోక్ అదాలత్‌కు వెళ్లమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. అక్కడ జరిగేది రాజీ, తప్పు చేయలేదని తేల్చుకునే చోటు కాదు. అక్కడి తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు.

పోలీసులు మీ అభ్యంతరం ఒప్పుకోకపోతే కోర్టుకు వెళ్లొచ్చు. అక్కడ నేరం రుజువు చేయాల్సిన బాధ్యత వాళ్లది. ఒకటి రెండు పూటలు పని మానుకోవాల్సి రావొచ్చు, అది తెలిసి వెళ్లండి. ఆధారం ఉన్నవాళ్లు మాత్రం వెనక్కి తగ్గకూడదని నా అభిప్రాయం. ఎవరూ అడగకపోతే తప్పుడు చలాన్లు అలాగే పడుతుంటాయి.

ప్రశ్న అడిగినవారు

ఫోటో చూశాను. డివైడర్ పక్కన ఒక లేన్ ఖాళీగా ఉంది, దాని తర్వాత నా కారు. గీతలు స్పష్టంగా ఉన్నాయి. టెన్షన్ సగం తగ్గింది. లెటర్ ఎలా రాయాలో కూడా చెప్తారా?

జవాబు (లాయర్, కూకట్‌పల్లి)

చలాన్ మీద ఏ కమిషనరేట్ పేరు ఉందో ఆ ట్రాఫిక్ విభాగానికే రాయండి, వేరే చోట ఇస్తే తిప్పుతారు. ఇంత చాలు:

"నా వాహనం నంబరు ఫలానా, చలాన్ నంబరు ఫలానా. చలాన్‌తో మీరు ఇచ్చిన ఫోటోలో నా కారు డివైడర్ నుంచి రెండో లేన్‌లో ఉంది. ఆ లేన్‌కు పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. నమోదైన వేగం 97. కాబట్టి 80 పరిమితిని నాకు వర్తింపజేయడం సరికాదు. చలాన్‌ను రద్దు చేయగలరు. లేదంటే ఆ స్పీడ్ గన్ ఆమోద ధ్రువపత్రం, ఎలక్ట్రానిక్ సాక్ష్య సర్టిఫికెట్ ఇప్పించగలరు."

ఫోటో ప్రింటు మీద మీ లేన్‌ను పెన్నుతో గుర్తుపెట్టి జతచేయండి. ఆర్సీ కాపీ కూడా పెట్టండి. నేరుగా ఇస్తే జిరాక్స్ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, లేదంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.